పళ్లకు తొడుగులు, జీతానికి వాయిదాలు

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. వయసు 27. బెంగళూరులో ఉద్యోగం, చేతికొచ్చే జీతం 52,000 రూపాయలు, ఖర్చులు 35,000. చిన్నప్పుడు తాగిన నీళ్ల వల్ల నావి గార పళ్లు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. మారతహళ్లిలో ఒక క్లినిక్‌ వారు పై వరుసలో ఎనిమిది పళ్లకు పింగాణీ వెనీర్లు వేయడానికి 96,000 అడిగారు. వడ్డీ లేని 12 వాయిదాలు కూడా ఉన్నాయట. వాయిదాల్లో కట్టనా, నాకున్న ఒకే ఒక్క ఫిక్స్‌డ్ డిపాజిట్ 1,40,000 లోంచి తీయనా?

జవాబు: మీరు వాయిదాలా, డిపాజిట్టా అని అడిగారు. నాకు ముందు ఆ 96,000 మీదే అనుమానం. అది మొదటి విడత ఖర్చు మాత్రమే.

వెనీర్ అంటే పంటి ముందు భాగానికి అతికించే పలుచని తొడుగు, సుమారు అర మిల్లీమీటరు మందం. అది కుదరాలంటే సాధారణంగా పంటి మీది ఎనామిల్‌ను కొంత అరగదీస్తారు. ఎనామిల్ మళ్లీ పెరగదు కాబట్టి ఆ పంటికి ఇక ఎప్పుడూ ఏదో ఒక తొడుగు ఉండాల్సిందే. పింగాణీవి సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లు వస్తాయి. అంటే నలభై దగ్గర ఒకసారి, యాభై దాటాక ఇంకోసారి మార్పించుకోవాలి. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే 12 ఏళ్లలో రెట్టింపై, ఇదే పనికి 1,92,000 అవుతుంది. ఆ సొమ్ము అప్పటికి చేతిలో ఉండాలంటే ఇప్పటి నుంచే నెలకు సుమారు 900 రూపాయలు, దాదాపు అదే 6 శాతం వడ్డీ వచ్చే చోట పక్కన పెట్టాలి. క్లినిక్ ఇచ్చిన కాగితంలో ఈ లెక్క ఉండదు.

ఇక గార సంగతి. మీ జిల్లాలో చాలామందికి ఇది నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల, చిన్నతనంలో ఎనామిల్ తయారయ్యే దశలోనే వస్తుంది. మరక లోతుగా లేకపోతే తెల్లబరచడం, పైపొరను కాస్త రుద్ది తీయడం వంటి చిన్న చికిత్సలతోనే తేడా కనిపించవచ్చు. ఒకటి రెండు పళ్లకే ఇబ్బంది ఉంటే కాంపోజిట్ (పంటి రంగు రెసిన్) పూత చాలవచ్చు. అది తక్కువ కాలం మన్నుతుంది, ధరా తక్కువే. మీ బెంగళూరులోనే విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. సగం రోజు సెలవు పెట్టి అక్కడ చూపించుకుని, ఎనిమిది పళ్లకూ నిజంగా అవసరమా అని అడగండి. తొడుగులు వేశాక వాటి రంగు తెల్లబరిస్తే మారదు. అందుకే తెల్లబరిచే పని ఏదైనా ముందే జరగాలి.

‘వడ్డీ లేని’ వాయిదాలా? మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడిగి చూడండి. 4,800 తగ్గిస్తామంటే ఆ తగ్గింపే మీరు కట్టే వడ్డీ. నెలకు 8,000 చొప్పున అప్పు తగ్గుతూ పోతుంది కాబట్టి, లెక్క వేస్తే అది ఏడాదికి 9.6 శాతం పడుతుంది. దాని మీద ప్రాసెసింగ్ ఫీజు వేరు.

ఆఫీసు బీమా మీద ఆశ పెట్టుకోకండి. అందం కోసం చేయించుకునే చికిత్సలను ఆరోగ్య బీమా సాధారణంగా మినహాయిస్తుంది. అంచనాలో జీఎస్టీ కలిపారో లేదో కూడా అడగండి. 18 శాతం పడితే 96,000 కాస్తా 1,13,280 అవుతుంది.

డిపాజిట్ జోలికి వెళ్లకండి. అది మీ నాలుగు నెలల ఖర్చు. ఉద్యోగం పోతే, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే మీకు అదే దిక్కు. వాయిదాగా కట్టాలనుకున్న 8,000 తో ఈ నెలే రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. ఈలోగా చిన్న చికిత్సతో పని జరిగితే డబ్బు మిగులుతుంది. జరగకపోతే ఏడాది తర్వాత మొత్తం చేతిలో పెట్టుకుని బేరమాడవచ్చు.

సంబంధాలు ఏడాది ఆగవంటారా? పెళ్లిచూపుల కోసం మాత్రమే అయితే ఎనామిల్ అరగదీయించుకోవద్దు. వచ్చేవాళ్లు మీ జిల్లావాళ్లే అయితే పెళ్లికొడుకు కూడా పెదవి విప్పకుండానే నవ్వుతాడేమో చూడండి.