ఫ్రైడే నైట్ లైట్స్ మళ్ళీ చూశాను, ఈసారి కోచ్ కంటే కోచ్ భార్యే ఎక్కువ కనబడింది

మీరు అడిగింది రెండు విషయాలు. ఎప్పుడో వచ్చిన ‘ఫ్రైడే నైట్ లైట్స్’ సీరియల్ ఇప్పుడు చూస్తే బాగుంటుందా, అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఓనమాలు కూడా రానివాళ్ళకి అర్థమవుతుందా అని. రెండింటికీ అవుననే చెబుతాను. కాకపోతే నేను దాన్ని రెండుసార్లు చూశాను, రెండుసార్లూ రెండు వేరే సీరియల్స్ చూసినట్టుంది నాకు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. కథ ముందే తెలిస్తే నచ్చనివాళ్ళు ఇక్కడితో ఆపేయండి, చివరి ఎపిసోడ్ సంగతి కూడా చెప్పబోతున్నాను.

మొదటిసారి 2012లో చూశాను. మాది తెనాలి దగ్గర. ఎంసీఏ చేసి, హైదరాబాదులో నాలుగేళ్ళు ఉద్యోగం చేశాక పెళ్ళయి హెచ్4 వీసా మీద (హెచ్1 అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది) టెక్సస్ వచ్చాను, డాలస్‌కి ఉత్తరాన. అప్పట్లో హెచ్4 మీద వచ్చినవాళ్ళు ఉద్యోగం చెయ్యడానికి లేదు. పాపకి ఏడాది నిండింది. మా ఆయన పొద్దున్న ఏడింటికి వెళ్తే మళ్ళీ రాత్రి ఏడింటికే, కారు ఒకటే, స్ట్రోలర్ తోసుకుంటూ నడిచి వెళ్ళగలిగిన చోటు పబ్లిక్ లైబ్రరీ ఒక్కటే. అక్కడ డీవీడీలు ఉచితంగా ఇచ్చేవాళ్ళు. శుక్రవారం రాత్రిళ్ళు మా బాల్కనీలోంచి దూరంగా తెల్లటి లైట్లు, డప్పుల మోత, ఉండుండి జనం అరుపులు వినబడేవి. ఏదో పెద్ద టోర్నమెంట్ అనుకున్నాను. అది మా పేటలో హైస్కూల్ పిల్లల మ్యాచ్ అని తెలిశాక నమ్మకం కలగలేదు. ఆ వారమే లైబ్రరీలో ఈ డీవీడీ చేతికొచ్చింది.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా: 2006 అక్టోబరులో ఎన్‌బీసీ అనే అమెరికన్ టీవీ ఛానల్లో మొదలై 2011 దాకా అయిదు సీజన్లు, మొత్తం 76 ఎపిసోడ్లు వచ్చింది. టెక్సస్‌లో డిల్లన్ అనే కల్పిత ఊరు. ఆ ఊరికి హైస్కూల్ ఫుట్‌బాల్ జట్టే ప్రాణం. జట్టు పేరు పాంథర్స్. దీనికి మూలం ఒడెస్సా అనే నిజమైన ఊళ్ళో పెర్మియన్ హైస్కూల్ జట్టు 1988 సీజన్ మీద బజ్ బిసింజర్ రాసిన పుస్తకం. 2004లో అది సినిమాగా వచ్చింది, ఆ దర్శకుడు పీటర్ బర్గే తర్వాత దీన్ని టీవీకి తెచ్చాడు. కోచ్ ఎరిక్ టేలర్‌గా కైల్ చాండ్లర్, ఆయన భార్య ట్యామీగా కోనీ బ్రిటన్. సినిమాలో కూడా కోచ్ భార్య ఈవిడే. స్టూడియో సెట్టింగుల్లో కాకుండా ఆస్టిన్, ఫ్లూగర్‌విల్ చుట్టుపక్కల నిజమైన ఇళ్ళలో, వీధుల్లో తీశారు. రిహార్సల్స్ లేవు, ఎక్కడ నిలబడాలో గుర్తులు పెట్టలేదు, మూడు కెమెరాలతో నటుల వెంట తిరిగారు. అందుకే వంటింట్లో మొగుడూ పెళ్ళాల వాదన ఒకరి మాట మీద ఒకరు పడిపోతూ, మధ్యలో ఫ్రిజ్ తలుపు తీస్తూ, అచ్చం మన ఇంట్లో లాగే ఉంటుంది.

మొదటిసారి నేను చూసింది ఆ జట్టు పిల్లల కోసం. మొదటి ఎపిసోడ్‌లోనే ఊరంతా నెత్తిన పెట్టుకున్న క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించే ఆటగాడు) జేసన్ స్ట్రీట్ వెన్నెముక దెబ్బతిని పడిపోతాడు, ఇక నడవలేడు. బెంచీ మీద కూర్చునే మ్యాట్ సారసెన్ అనే బిడియస్తుడు ఆ స్థానంలోకి వస్తాడు. వాళ్ళ నాన్న ఇరాక్‌లో సైనికుడు, అమ్మ ఇంట్లో ఉండదు, మతిమరుపు ముదురుతున్న నానమ్మని పదహారేళ్ళ ఆ పిల్లాడే చూసుకుంటాడు. సాయంత్రం ఐస్‌క్రీమ్ షాపులో పని, రాత్రి నానమ్మకి మందులు, మర్నాడు ఊళ్ళో కనబడిన ప్రతివాడూ ఆపి శుక్రవారం గెలుస్తావా లేదా అని అడగడం. ఆటగాళ్ళ ఇళ్ళ ముందు వాళ్ళ పేరూ నంబరూ రాసిన బోర్డులు పాతుతారు. రేడియోలో రోజంతా వాళ్ళ గురించే.

ఆ బోర్డులు చూస్తే నాకు మా ఇంటర్ హాస్టల్ గుర్తొచ్చింది. ప్రతి సోమవారం భోజనాల హాలు గోడకి ర్యాంకుల కాగితం అంటించేవాళ్ళు, కంచం పట్టుకుని ఆ కాగితం పక్క నుంచే నడవాలి. మొదటి పదిలో ఉన్నప్పుడు వార్డెన్ పేరు పెట్టి పిలిచేది, తర్వాత వారం నలభైలోకి జారితే చూపు కూడా తిప్పేది కాదు. మ్యాట్ ఓడిపోయిన మర్నాడు షాపు కౌంటర్ వెనక నిలబడి ఉంటే ఆ వారాలన్నీ వరసగా గుర్తొచ్చి చాలాసేపు ఏడ్చాను. అందుకే అప్పట్లో కోచ్ టేలర్ నాకు దేవుడిలా కనబడ్డాడు. ఊరి భారం పిల్లల మీద పడకుండా ఆయన తన మీదకి తీసుకుంటాడు. తిడతాడు కూడా, బాగానే తిడతాడు, కానీ ఆటలో తప్పు చేశాడని ఏ పిల్లాడినీ వదిలెయ్యడు.

ఇక రెండోసారి. మా అమ్మాయికి పధ్నాలుగేళ్ళు, స్కూలు మార్చింగ్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. అంటే ఆ శుక్రవారం రాత్రులు ఇప్పుడు మావే. బ్యాండ్ పిల్లల తల్లిదండ్రులం వంతులవారీగా స్టాల్లో నాచోలు, నీళ్ళ సీసాలు అమ్ముతాం. ఆగస్టు ఎండలో ఆ మందపాటి యూనిఫామ్ వేసుకుని, తల మీద కుచ్చు టోపీ పెట్టుకుని, ఇంటర్వెల్లో పది నిమిషాలు వాయించి బయటికొచ్చేసరికి పిల్ల జుట్టు తలకి అంటుకుపోయి ఉంటుంది, మెడ మీద టోపీ పట్టీ ఎర్రగా అచ్చు పడి ఉంటుంది. మాకు దగ్గర్లోనే ఉన్న ఆలెన్‌లో హైస్కూల్ స్టేడియం చూస్తే ఎవరైనా ఆశ్చర్యపోతారు. 18 వేల మంది పడతారు, 6 కోట్ల డాలర్లతో కట్టి 2012లో తెరిచారు. అది చూశాక, మూడో సీజన్‌లో స్కూలు ప్రిన్సిపాల్ అయిన ట్యామీ, స్టేడియానికి పెద్ద తెర కొనాలని పోగుచేసిన డబ్బుని టీచర్ల కోసం, తరగతుల కోసం వాడదామన్నప్పుడు ఊరి పెద్దలంతా ఆవిడ మీద ఎందుకు విరుచుకుపడ్డారో నాకు అర్థమైంది. 2012లో ఆ గొడవ నాకు బోర్ కొట్టి ముందుకి జరిపేశాను. ఈసారి సీరియల్ మొత్తంలో నాకు బాగా నచ్చిన వాటిలో అదొకటి.

అసలు ఈ ఎండాకాలం సెలవుల్లో మా అమ్మాయి ఇది చూద్దామంటే మొదలుపెట్టాం, రోజుకి ఒకటో రెండో ఎపిసోడ్లు. నా కళ్ళు మాత్రం ట్యామీ మీద నుంచి కదల్లేదు. మొగుడికి ఏ ఊళ్ళో ఉద్యోగమైతే ఆ ఊరికి సామాను సర్దుకుని వెళ్ళి, అక్కడ మళ్ళీ మొదటి నుంచి మనుషుల్ని సంపాదించుకుని, తనకొక పని వెతుక్కుంటుంది. మొదటి సీజన్ చివర ఆయనకి వేరే ఊళ్ళో యూనివర్సిటీ జట్టులో పని వస్తే, కడుపుతో ఉన్న ఆవిడ పెద్ద కూతురితో డిల్లన్‌లోనే ఉండిపోతుంది. రెండో సీజన్‌లో చంటిపిల్ల ఏడుస్తుంటే, పెద్దపిల్ల ఎదురు తిరుగుతుంటే, నిద్ర లేక ఆవిడ ఒక్కసారిగా కూలబడి ఏడ్చేస్తుంది. పదమూడేళ్ళ కిందట నేను చంకలో పిల్లని వేసుకుని అదే సీన్ చూశాను కదా, అప్పుడు ఏమనిపించిందో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. బహుశా అది సీరియల్‌లా అనిపించి ఉండదు, రోజూ జరిగేదే కదా అనుకుని ఉంటాను.

ఇంకొకటి, పెద్ద కూతురు జూలీకి మ్యాట్‌తో సంబంధం అంతదాకా వెళ్ళిందని తెలిశాక ట్యామీ ఆ పిల్లతో మాట్లాడే సీన్. కేకలు లేవు, కొట్టడాలు లేవు. అతనంటే నీకు ఇష్టమేనా, జాగ్రత్తలు తీసుకుంటున్నావా, ఒకసారి సరే అన్నంత మాత్రాన ప్రతిసారీ అనాల్సిన పని లేదు తెలుసా అని అడుగుతూ ఉంటుంది, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతుంటాయి. మా అమ్మాయి పక్కనే ఉంది. నా చెయ్యి రిమోట్ మీదకి వెళ్ళింది. నొక్కలేదు. ఇద్దరం తెర వంకే చూస్తూ కూర్చున్నాం. ఆ రాత్రి పడుకోబోయే ముందు అది నా మంచం దగ్గరికొచ్చి, “అమ్మా, నేనైతే నీకు చెబుతాను” అంది. మా అమ్మతో నేను జీవితంలో అనలేని మాట అది. నాలుగో సీజన్‌లో ఒక పదో తరగతి అమ్మాయి గర్భం దాలిస్తే, తనకి ఏ దారులున్నాయని ఆ పిల్ల అడిగితే చెప్పిన పాపానికి ట్యామీ ఉద్యోగం మీదకే వస్తుంది. 2022 నుంచి ఇక్కడ టెక్సస్‌లో అబార్షన్ దాదాపు పూర్తిగా నిషేధం. ఆడపిల్లని పెంచుతూ ఆ ఎపిసోడ్ చూడటం ఇప్పుడు చాలా కష్టంగా ఉంది, ముందే చెబుతున్నాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. రెండో సీజన్ మొదట్లో ఒక హత్య కథ పెట్టారు, ఈ ఊరికీ ఈ మనుషులకీ ఏమాత్రం అతకదు. ఆ సీజన్ రచయితల సమ్మె వల్ల 15 ఎపిసోడ్లకే ఆగిపోయింది, కొన్ని పాత్రలు ఏమైపోయాయో చెప్పకుండానే మాయమయ్యాయి. చూసేవాళ్ళు తక్కువై ఆపేస్తారనుకుంటుండగా డైరెక్‌టీవీ అనే శాటిలైట్ టీవీ కంపెనీ ఖర్చు పంచుకుంది కాబట్టి మిగతా మూడు సీజన్లు వచ్చాయి. అవి రాకపోయి ఉంటే నా దృష్టిలో అసలు కథే ఉండేది కాదు. నాలుగో సీజన్‌లో కోచ్‌ని పాంథర్స్ నుంచి తప్పించి, ఊళ్ళో పేదలుండే తూర్పు వైపు కొత్తగా తెరిచిన స్కూలుకి పంపేస్తారు. సామాన్లు లేవు, ఆడేవాళ్ళు లేరు. మొదటి మ్యాచ్‌లో పిల్లలు దెబ్బలు తిని లేవలేకపోతుంటే సగంలోనే ఆట వదులుకుంటాడు. పోలీసులు పట్టుకున్న కుర్రాడు విన్స్ ఆ జట్టులోకే వస్తాడు, ఆ పాత్ర వేసింది మైకేల్ బి. జోర్డన్, అప్పటికి ఇంకా పెద్ద పేరు లేదు.

నాలుగో సీజన్ అయిదో ఎపిసోడ్ గురించి ఒక మాట. మ్యాట్ నాన్న ఇరాక్‌లో చనిపోతాడు. ఏళ్ళ తరబడి దూరంగానే ఉన్న నాన్న మీద ఆ పిల్లాడికి దుఃఖం కంటే కోపమే ముందొస్తుంది. కోచ్ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కంచంలో క్యారెట్ల మీద విసుక్కుంటూ మొదలుపెట్టి, నాన్నంటే అసహ్యమని అందరి ముందూ బయటపడిపోతాడు. కోచ్ ఓదార్పు మాటలేమీ చెప్పడు, లేచి వెళ్ళి, ఆ చీకట్లో వాడితో పాటు వాళ్ళ ఇంటిదాకా నడుస్తాడు. మా ఆయన అప్పటిదాకా ల్యాప్‌టాప్ పెట్టుకుని పక్క సోఫాలో కూర్చునేవాడు. ఆ రోజు నుంచి ల్యాప్‌టాప్ మూసేసి మాతో కూర్చున్నాడు.

చివరి సీజన్‌లో ట్యామీకి ఫిలడెల్ఫియాలో ఒక కాలేజీలో పెద్ద ఉద్యోగం వస్తుంది, అడ్మిషన్లకి డీన్. అదే సమయంలో కోచ్‌కి పాంథర్స్ పదవి మళ్ళీ పిలిచి ఇస్తామంటారు. ఆయన మొదట ఆవిడ మాట వినిపించుకోనే వినిపించుకోడు. ఇన్నేళ్ళూ నీ ఉద్యోగం కోసం ఇద్దరం సర్దుకున్నాం, ఇప్పుడు నా ఉద్యోగం గురించి మాట్లాడుకుందాం అంటుంది ఆవిడ, గట్టిగా కాదు, మామూలుగానే. ఆయనకది తలకెక్కడానికి చాలా రోజులు పడుతుంది. చివరికి షాపింగ్ మాల్‌లో, జనం మధ్య, ఇది నీ వంతు, నన్ను నీతో తీసుకెళ్తావా అని అడుగుతాడు. ఆ ఎపిసోడ్‌కి రచనలో జేసన్ కేటిమ్స్‌కి, నటనకి చాండ్లర్‌కి 2011లో ఎమ్మీలు (అమెరికాలో టీవీకిచ్చే అవార్డులు) వచ్చాయి, రెండూ న్యాయమే. ఆఖరి మ్యాచ్‌లో విన్స్ విసిరిన బంతి ఇంకా గాలిలో ఉండగానే కథ ఫిలడెల్ఫియాకి వెళ్ళిపోతుంది.

మాల్ సీన్ అయ్యాక మా ఆయన టీవీ ఆపి, “నిన్నెప్పుడైనా ఇలా అడగాల్సింది కదా నేను?” అన్నాడు. అవునన్నాను. 2013లో ఒహాయోలో ఒక కంపెనీ నాకు హెచ్1 వేస్తామంది. ఆయన గ్రీన్ కార్డు పని మధ్యలో ఉంది, ఊరు మారితే ఇబ్బందని నేనే వద్దన్నాను. ఆయన సరే అన్నాడు, ఇంకొక్కసారి అడగలేదు. 2015లో హెచ్4 వాళ్ళకి పని పర్మిట్లు ఇవ్వడం మొదలయ్యాక ఇక్కడే ఉద్యోగంలో చేరాను, బాగానే ఉన్నాను. అయినా ఆయన అడగని ఆ ఒక్క మాట పన్నెండేళ్ళు నాలో ఉండిపోయిందని ఆ రాత్రి ఆయనకి చెప్పాను. ఆయన క్షమించమన్నాడు. రెండింటిదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

మీ రెండో ప్రశ్న: ఆట రాకపోయినా ఫరవాలేదు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి, వెళ్తే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు, చివరి గీత దాటితే ఆరు పాయింట్లు, ఇంత తెలిస్తే చాలు. రెండో సీజన్ మొదటి ఏడెనిమిది ఎపిసోడ్లు విసుగొస్తే ఓపిక పట్టండి, లేదా గబగబా జరిపేయండి, ఒక్క ట్యామీ సీన్లు మాత్రం వదలకండి. వీలుంటే ఇంట్లోవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.