అణువిద్యుత్ కేంద్రంలో భద్రతా తనిఖీ అధికారి కావాలంటే

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. అణువిద్యుత్ కేంద్రాల భద్రతను తనిఖీ చేసే అధికారి కావాలని పట్టుదలగా ఉంది. ఇంట్లో అందరికీ రేడియేషన్ అంటే భయం. పైగా, అది ఇతరులు చేసిన పనికి కాగితాల మీద టిక్కులు పెట్టే ఉద్యోగమని, అందులో చేరితే చదివినదంతా మరిచిపోతుందని బంధువులు అంటున్నారు. ఆమెను ప్రోత్సహించమంటారా? ఇప్పుడే అణు ఇంజినీరింగ్‌లోకి మారడం మంచిదా?

సమాధానం: టిక్కుల సంగతితో మొదలుపెడతాను. ఆ ఉద్యోగంలో చేసేదేమిటో తెలిస్తే మీ మిగతా ప్రశ్నలకు జవాబు సులువవుతుంది.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున డేవిస్-బెస్సే అణువిద్యుత్ కేంద్రం ఉంది. 2002 మార్చిలో అక్కడ మరమ్మతులు జరుగుతున్నప్పుడు రియాక్టర్ పాత్ర మూతలో పెద్ద గుంత బయటపడింది. అణు చర్యను అదుపు చేసే నియంత్రణ కడ్డీలు దిగే గొట్టం ఒకటి పగిలి, బోరిక్ ఆమ్లం కలిసిన నీరు ఏళ్ల తరబడి కారడంతో సుమారు 16 సెంటీమీటర్ల మందం గల ఉక్కు ఆ చోట పూర్తిగా క్షయించిపోయింది. లోపలి వైపున్న, ఒక సెంటీమీటరు మందమైనా లేని స్టెయిన్‌లెస్ స్టీలు పొర ఒక్కటే రియాక్టర్‌లోని పీడనాన్ని ఆపుతూ మిగిలింది. గుర్తులు అంతకు ముందు నుంచే కనిపిస్తూ వచ్చాయి. రియాక్టర్ భవనంలోని గాలిని పరీక్షించే పరికరాల ఫిల్టర్లు సన్నని తుప్పు రేణువులతో మాటిమాటికీ మూసుకుపోయేవి. సిబ్బంది వాటిని మార్చి పని సాగించేవారు. మూత మీద తుప్పురంగు పేరుకున్న ఫొటోలు 2000 నాటికే ఉన్నాయి.

లాగ్‌బుక్‌లో "ఫిల్టరు మార్చబడినది" అన్న వాక్యం చూసి టిక్కు పెట్టి ముందుకు పోవచ్చు. మంచి తనిఖీ అధికారి అక్కడ ఆగి, ఈ గాలిలోకి ఇనుప తుప్పు ఎక్కడి నుంచి వస్తున్నదని అడుగుతాడు, సరైన సమాధానం దొరికేదాకా అడుగుతూనే ఉంటాడు. ఆ ప్రశ్న తట్టాలంటే లోహాలు ఎలా క్షయిస్తాయో, వేడి నీరు పీడనం కింద ఎలా ప్రవర్తిస్తుందో తెలిసి ఉండాలి. మీ అమ్మాయి చదువుతున్నది సరిగ్గా అదే. చదివినది మరిచిపోవడం మాట అటుంచి, దాన్ని రోజూ పదును పెట్టుకోక తప్పని ఉద్యోగమిది.

కొన్ని దేశాల్లో నియంత్రణ సంస్థ, అంటే అణు భద్రతను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ, తన అధికారులను ఒక్కో కేంద్రంలో స్థిరంగా ఉంచుతుంది. అటువంటి అధికారి రోజు చాలావరకు కంట్రోల్ రూమ్‌లోనే మొదలవుతుంది. రాత్రి షిఫ్టులో ఏం జరిగింది, ఏ పంపు మరమ్మతులో ఉంది, అది లేనప్పుడు దాని పని దేనికి అప్పగించారు అన్నవి తెలుసుకున్నాక, యంత్రాల మధ్య తిరిగి కాగితంలో రాసినదీ కంటికి కనిపించేదీ ఒకటేనా అని పోల్చి చూడాలి. ఈ పోలిక ఎంత ముఖ్యమో 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదంలో తేలింది. అత్యవసర నీటి సరఫరా మార్గంలో తెరిచి ఉండవలసిన రెండు వాల్వులు మూసి ఉన్న సంగతిని ఆపరేటర్లు గుర్తించడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. ఆ స్థితిని చూపే దీపాల్లో ఒకదాన్ని మరమ్మతు ట్యాగు కప్పేసింది. తనిఖీ అధికారి వాల్వు తిప్పడు, స్విచ్చు నొక్కడు. కేంద్రాన్ని సురక్షితంగా నడిపే ప్రథమ బాధ్యత లైసెన్సు పొందిన సంస్థదే. లోపాన్ని ఆధారాలతో రాసి, అది నిజంగా సరిదిద్దబడే వరకు విడిచిపెట్టకపోవడం అధికారి వంతు.

రేడియేషన్ విషయంలో మీ భయాన్ని తేలిగ్గా తీసిపారేయను. అయితే దాన్ని కొలతతో చూడాలి. ప్రకృతి నుంచే ప్రతి మనిషికీ ప్రపంచ సగటున ఏటా 2.4 మిల్లీసీవర్టుల (శరీరానికి అందే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) మోతాదు అందుతుంది. వృత్తిరీత్యా రేడియేషన్‌లో పనిచేసేవారికి అంతర్జాతీయ సిఫారసు ప్రకారం పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 50 దాటకూడదు. ఈ పరిమితికి లోబడి ఉండటమే కాక, మోతాదును వీలైనంత తగ్గించాలన్నది నియమం. ఒంటి మీద ఆ మోతాదును కొలిచే డోసిమీటరు ఉంటుంది, దాని లెక్క భద్రపరుస్తారు. గర్భం దాల్చిన విషయం తెలియజేస్తే, బిడ్డకు అదనంగా అందే మోతాదు సుమారు 1 మిల్లీసీవర్టు మించకుండా పనిని మార్చాలి. ఈ చివరి అంశాన్ని ఆమెతో ఇంట్లో నేరుగా మాట్లాడండి.

నా దృష్టిలో అంతకంటే పెద్ద భారం మరొకటుంది. డేవిస్-బెస్సే వంటి కేంద్రాలు తమ రియాక్టర్ మూతల పరీక్షల వివరాలు తెలపాలని అమెరికా నియంత్రణ సంస్థ 2001 ఆగస్టులో అడిగింది. పరీక్ష కోసం ఆ ఏడాది డిసెంబరు చివరికల్లా ఈ కేంద్రాన్ని ఆపించాలని మొదట భావించినా, యాజమాన్యం కోరిక మేరకు 2002 ఫిబ్రవరి మధ్య వరకు నడవనిచ్చింది. అనుమానానికి తగిన ఆధారం ఉండి, రుజువుకు చాలనప్పుడు, ఆగిన ప్రతి రోజుకూ నష్టం లెక్కలు చూపిస్తున్నవారి ఎదుట "ఆపండి" అనగలగడం తేలిక కాదు. వ్యక్తికి ఆ బలం సంస్థ స్వతంత్రత నుంచి రావాలి. జపాన్‌లో నియంత్రణ విభాగం అణువిద్యుత్తును ప్రోత్సహించే మంత్రిత్వ శాఖలోనే భాగంగా ఉండేది. 2011 ఫుకుషిమా ప్రమాదం తర్వాత పార్లమెంటు నియమించిన విచారణ సంఘం ఆ కలయికను తీవ్రంగా తప్పుపట్టింది, 2012 సెప్టెంబరులో వేరే సంస్థ ఏర్పడింది. ఈ స్వతంత్రత కుటుంబం మీద కూడా ప్రభావం చూపుతుంది. ఆమె తాను తనిఖీ చేసే కంపెనీ నుంచి బహుమతులు తీసుకోకూడదు. అక్కడివారితో మొహమాటాలు పెరగకుండా బదిలీలూ ఉండవచ్చు. అమెరికాలో ఒక అధికారిని ఒకే కేంద్రంలో ఏడేళ్లకు మించి ఉంచరు.

చదువు మార్చవద్దు. నియంత్రణ సంస్థలకు మెకానికల్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్, సివిల్, కెమికల్ ఇంజినీర్లందరూ కావాలి. అణుశాస్త్రం పై చదువులోనో శిక్షణలోనో నేర్చుకోవచ్చు. ఉష్ణ ప్రసరణ, లోహాల పగుళ్లు, క్షయం, సంభావ్యత మాత్రం ఇప్పుడే గట్టిగా పట్టాలి. రియాక్టరు ఆపిన క్షణంలో కూడా ఇంధనం పూర్తి శక్తిలో ఆరేడు శాతం వేడినిస్తుంది, గంట తర్వాత కూడా ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. ఫుకుషిమాలో రియాక్టర్లు ఆగినా, కరెంటు పోవడంతో ఈ వేడిని తీసేసే దారి పోయింది. డీజిల్ జనరేటర్ల మీద, బ్యాటరీల మీద అంత శ్రద్ధ ఎందుకో ఈ ఒక్క లెక్క చేసి చూస్తే ఆమెకే అర్థమవుతుంది. లోహాన్ని కోయకుండానే లోపలి పగుళ్లు కనిపెట్టే అల్ట్రాసోనిక్, ఎడ్డీ కరెంట్ వంటి పరీక్షల్లో మొదటి స్థాయి ధ్రువపత్రం సంపాదిస్తే మేలు. డిగ్రీ కాగానే నేరుగా నియంత్రణ సంస్థలో చేరడం కంటే, రెండు మూడేళ్లు ఏదైనా విద్యుత్ కేంద్రంలోనో, పీడన పాత్రలు వాడే కర్మాగారంలోనో మరమ్మతుల విభాగంలో పనిచేయాలని నా సలహా. మరమ్మతు చేసినవారికే మరమ్మతు ఎక్కడ దాటవేయబడుతుందో తెలుస్తుంది.

ఈ సెలవుల్లో ఆమెను కాలేజీ ప్రయోగశాలలోని బాయిలరు దగ్గర ఒక గంట గడిపి, ఒక పేజీ నివేదిక రాయమనండి. కంటితో చూసినవి ఒక వైపు, వాటి నుంచి ఊహించినవి మరో వైపు ఉండాలి, రెండూ కలవకూడదు. గేజికి చివరిసారి కాలిబ్రేషన్ (కొలత సరిగ్గా ఉందో లేదో సరిచూడడం) ఎప్పుడు జరిగిందో, సేఫ్టీ వాల్వును ఎప్పుడు పరీక్షించారో కూడా కనుక్కుని రాయాలి. ఆ పేజీ నాకు పంపితే చదివి, తర్వాత ఏం నేర్చుకోవాలో ఆమెకే నేరుగా రాస్తాను.