కస్టమ్స్ కొత్త నిబంధనను ముందుగా కొన్ని ఓడరేవుల్లోనే పరీక్షించి చూస్తే నిజంగా ఏమైనా తెలుస్తుందా?

తెలుస్తుంది. అయితే పరీక్షలోకి వచ్చిన సరుకు లెక్కతోపాటు, అదే రోజుల్లో పరీక్షకు బయట ఉన్న సరుకు లెక్క కూడా రాసి ఉంచితేనే తెలుస్తుంది. చెన్నైలో ఒక కస్టమ్స్ బ్రోకర్ కార్యాలయంలో దిగుమతి పత్రాలు దాఖలు చేస్తూ అలాంటి పరీక్షను దగ్గరగా చూసినందువల్ల ఈ మాట చెబుతున్నాను.

ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ (సరుకు దిగిన ఊరి అధికారే కాక మరో ఊరి అధికారి కూడా ఆన్‌లైన్‌లో పత్రాలు చూసి సుంకం నిర్ణయించే పద్ధతి) 2020 జూన్ 8న మొదట బెంగళూరు, చెన్నైలలో మొదలైంది. అదీ ప్రధానంగా కస్టమ్స్ సుంకాల పట్టిక (టారిఫ్)లోని 84, 85 అధ్యాయాల కిందికి వచ్చే యంత్రాలకు, విద్యుత్ పరికరాలకే. అంతకు ముందు మా బిల్ ఆఫ్ ఎంట్రీని (దిగుమతి సరుకు వివరాల పత్రాన్ని) రాజాజీ సాలైలోని కస్టమ్ హౌస్ అప్రైజరే (సుంకం మదింపు చేసే అధికారే) చూసేవారు కనుక, సందేహం వస్తే కేటలాగు పట్టుకుని వెళ్లి వివరించేవాళ్లం. ఆ తర్వాత చెన్నైలో దిగిన యంత్రం పత్రాలు బెంగళూరు అధికారి ముందుకు వెళ్లడం మొదలైంది. పంపు విడిభాగాల సరుకు ఒకదానికి అధికారి నుంచి వచ్చిన క్వెరీకి (ప్రశ్నకు) మేము ఒక్క వాక్యంలో జవాబిచ్చి, రెండో క్వెరీ తెచ్చుకుని, రెండు రోజులు పోగొట్టుకున్నాం. అప్పటినుంచి కేటలాగును, వినియోగ వివరణను ముందుగానే ఈ-సంచిత్‌లో (పత్రాలను ఆన్‌లైన్‌లో సమర్పించే కస్టమ్స్ వ్యవస్థలో) ఎక్కించడం అలవాటు చేసుకున్నాం.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. పరీక్ష మొదలైన పదకొండు రోజులకు, అంటే జూన్ 19న, చెన్నైలో కఠినమైన లాక్‌డౌన్ మళ్లీ వచ్చి జులై 5 వరకు సాగింది. మే నెలతో పోల్చి చూసినవారందరూ ఆలస్యాన్ని కొత్త పద్ధతి మీదికే నెట్టారు. మేము మాత్రం దాఖలు, క్వెరీ, జవాబు, సుంకం చెల్లింపు, అవుట్ ఆఫ్ ఛార్జ్ (సరుకు విడుదలకు కస్టమ్స్ అనుమతి) సమయాలను ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ, యంత్రాల పక్కనే కాగితం, రసాయనాల సరుకులనూ చేర్చాం. పరీక్షతో సంబంధం లేని ఆ సరుకులూ దాదాపు అంతే ఆలస్యమయ్యాయి. ఎందుకంటే సీఎఫ్‌ఎస్‌లో (ఓడరేవు నుంచి వచ్చిన కంటైనర్లను ఉంచి సరుకు దించే ప్రాంగణంలో) కూలీలు లేరు, లారీలు దొరకలేదు. కొత్త పద్ధతి వల్ల నిజంగా పెరిగినది క్వెరీకి, జవాబుకు మధ్య పోయిన సమయం ఒక్కటే. దాన్ని తగ్గించడం చాలావరకు మా చేతిలోనే ఉంది.

ఈ పోలికకూ ఒక లోపం ఉందని ఒప్పుకోవాలి: రెండు రకాల సరుకులనూ చూసింది మా కార్యాలయంలోని అదే నలుగురు కనుక, యంత్రాల క్వెరీల మీద పోయిన సమయం మిగతా సరుకులనూ కొంత వెనక్కి లాగి ఉండవచ్చు.

ఆ పద్ధతి అక్టోబరు 31 నాటికే దేశమంతటికీ వ్యాపించింది. అయిదు నెలలైనా నిండని ఆ గడువు చాలా తక్కువని నా అభిప్రాయం. అంతకు ముందు ఈ-వే బిల్లుకు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకోవలసిన జీఎస్టీ పత్రానికి) 2018 జనవరి 16న ప్రయోగాత్మకంగా తలుపులు తెరిచి, ఫిబ్రవరి 1న తప్పనిసరి చేయగానే పోర్టల్ భారం మోయలేక నిలిచిపోయింది. చివరకు ఏప్రిల్ 1 వరకు వాయిదా వేయవలసి వచ్చింది. స్వచ్ఛందంగా వచ్చిన కొద్దిమందితో చేసిన పరీక్షలో ఆ భారం కనిపించే అవకాశమే లేదు.

మీరు దిగుమతిదారులైతే, పరీక్ష ప్రకటించిన రోజునుంచి కాక, దానికి కనీసం రెండు నెలల ముందు సరుకులనుంచి ఆ అయిదు సమయాలనూ రాసి పెట్టుకోండి. పాత బిల్ ఆఫ్ ఎంట్రీల తేదీలు మీ బ్రోకర్ దగ్గర దొరుకుతాయి.