బోల్టు తిరుగుతూనే ఉంది, ఊడి రావట్లేదు. ఎలా తీయాలి?

భీమవరం దగ్గర రొయ్యల చెరువులో ఏరియేటర్ (నీటికి గాలి అందించే యంత్రం) బోల్టు పానాతో ఎంత తిప్పినా ఊడట్లేదన్నారు. ముందు స్టార్టర్ ఆపి ఫ్యూజులు పీకేయండి. ఏరియేటర్‌ని గట్టుకు లాక్కొచ్చాకే పని.

ఇప్పుడు అవతలి వైపు చూడండి. నట్టు కూడా బోల్టుతో పాటే తిరుగుతోందా? అయితే దాన్ని పట్టుకోవాలంతే. పానా పట్టకపోతే వైస్ గ్రిప్ (బిగించి లాక్ చేసే పట్టకారు) వాడండి. గుండు తల బోల్టయితే కాస్త తిప్పలే. తల కింద చదరపు మెడ రంధ్రాన్ని అరగదీసేసి ఉంటుంది, పట్టుకోడానికి ఏమీ దొరకదు. బోల్టు కొసన హాక్సాతో గాడి కోసి, అందులో స్క్రూడ్రైవర్ పెట్టి ఆపి, నట్టు తిప్పండి.

నట్టు కదలకుండా బోల్టొక్కటే తిరుగుతుంటే త్రెడ్డు (మరలు) పోయినట్టు. తల కింద స్క్రూడ్రైవర్ దూర్చి పైకి ఎత్తుతూ తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు సంగతి వేరు. ఉప్పునీటికి తట్టుకుంటుందని అందరూ అదే వేస్తారు గానీ, పొడిగా, వేగంగా బిగిస్తే నట్టూ బోల్టూ ఒరుసుకుని ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అది తుప్పు కాదు, కాబట్టి నూనె పోసినా పెద్దగా లాభముండదు. నేనైతే గంటసేపు కుస్తీ పట్టకుండా గ్రైండర్‌తో నట్టు కోసేస్తాను. పక్కనున్న ప్లాస్టిక్ ఫ్లోటు మీద నిప్పురవ్వలు పడకుండా తడి గోనెసంచి కప్పండి. కొత్తది వేసేటప్పుడు త్రెడ్డుకు గ్రీజు రాసి, చేత్తో నెమ్మదిగా ఎక్కించండి.