ఆర్డర్ పెట్టకముందే సీపీయూ వెనక చూడు

చిన్నా,

రెండో మానిటర్ కొంటున్నావని మీ అమ్మ చెప్పింది. మంచి పనే. ఒకదాంట్లో మీటింగ్, ఇంకోదాంట్లో ఎక్సెల్ పెట్టుకుంటే పని సుఖంగా సాగుతుంది. కాకపోతే ఆఫర్ అయిపోతుందని తొందరపడి ఆర్డర్ పెట్టకు. సీపీయూని కాస్త ముందుకు లాగి, ఫోన్ టార్చ్ వేసి, హెచ్‌డీఎంఐ, వీజీఏ, డిస్‌ప్లేపోర్ట్ లాంటి మానిటర్ కేబుల్ పోర్టులు వెనకవైపు ఏమున్నాయో చూడు.

యూఎస్‌బీ, ఆడియో సాకెట్లున్న నిలువు పట్టీ మదర్‌బోర్డుది, అంటే లోపలున్న ప్రధాన బోర్డుది. దాని కింద అడ్డంగా విడిగా పోర్టులుంటే అవి గ్రాఫిక్స్ కార్డువి, అంటే తెర మీద బొమ్మ చూపించడానికి విడిగా పెట్టే కార్డువి. కార్డుంటే రెండు మానిటర్లూ కార్డుకే పెట్టు. ఒకటి కార్డుకి, ఒకటి మదర్‌బోర్డుకి పెట్టి రెండోది వెలగట్లేదని గాభరా పడేవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. కార్డు పెట్టాక చాలా సిస్టమ్‌లలో మదర్‌బోర్డు డిస్‌ప్లే ఆగిపోతుంది, బయోస్‌లోకి (విండోస్ రాకముందు తెరిచే సెట్టింగ్స్‌లోకి) వెళ్లి ఆన్ చేయాలి. ప్రాసెసర్ ఇంటెల్ 12400ఎఫ్ లాంటిదైతే ఆ తిప్పలు పడినా లాభం లేదు. చివర ఎఫ్ ఉందంటే అందులో సొంత గ్రాఫిక్స్ లేనట్టే, మదర్‌బోర్డు పోర్టుల్లో బొమ్మ రాదు.

కార్డు లేదా? మదర్‌బోర్డుకి హెచ్‌డీఎంఐ ఒకటి, వీజీఏ ఒకటి ఉంటే చాలావాటిలో రెండూ కలిపి వాడుకోవచ్చు. ఒకటే పోర్టుంది కదా అని హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ మాత్రం కొనకు. షాపువాడు ఎంత నమ్మకంగా చెప్పినా అది రెండు తెరల మీదా ఒకే బొమ్మ చూపిస్తుంది, అంతే. డిస్‌ప్లేపోర్ట్ టు హెచ్‌డీఎంఐ కేబుల్‌కీ ఒక మెలిక ఉంది. మామూలు రకమైతే కంప్యూటర్ వైపు డిస్‌ప్లేపోర్ట్, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ ఉండాలి. తిరగేస్తే పనిచేయదు.

తగిలించాక విండోస్ కీ, పీ కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకో, రెండూ కలిసి ఒకే పెద్ద తెరలా పనిచేస్తాయి. ఇక్కడితో అయిపోయిందనుకుంటారు చాలామంది. కొత్త మానిటర్ ఎడమవైపు ఉంటే, విండోస్ అది కుడివైపు ఉందనుకుంటుంది. మౌస్ ఎడమకి తోస్తే అంచు దగ్గరే ఆగిపోతుంది, కుడికి తోస్తే ఎడమ తెర మీద తేలుతుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అని రెండు డబ్బాలు కనిపిస్తాయి. ఐడెంటిఫై నొక్కితే ఏ నంబర్ ఏ తెరదో తెలుస్తుంది. టేబుల్ మీద ఎలా ఉన్నాయో అలాగే ఆ డబ్బాల్ని లాగి పెట్టు. ఒకటి కాస్త ఎత్తుగా ఉంటే అక్కడా అంతే ఎత్తులో ఉంచు, లేకపోతే మౌస్ దాటేటప్పుడు మెట్టు దిగినట్టు గెంతుతుంది.

24 అంగుళాలవి రెండు పక్కపక్కన పెడితే దాదాపు మూడున్నర అడుగులు పడుతుంది. నాలుగడుగుల టేబుల్ ఉంటే నయం. రెండింటి మధ్య అతుకు ముక్కుకి ఎదురుగా వచ్చేలా పెట్టకు, రోజంతా మెడ తిప్పుతూనే ఉండాలి. ఎక్కువ వాడేది ఎదురుగా, రెండోది పక్కన కాస్త నీ వైపు తిప్పి పెట్టుకో. పై అంచు కంటికి సమంగా ఉంటే చాలు.

రెండోదాన్ని కూడా యూపీఎస్‌లో బ్యాటరీ సాకెట్‌కే పెట్టు. ఆ సైజు ఎల్‌ఈడీ మానిటర్ పాతిక వాట్లకి అటూ ఇటూ తీసుకుంటుంది, పెద్ద లోడేం కాదు. లేజర్ ప్రింటర్ ఉంటే మాత్రం దాన్ని గోడ ప్లగ్‌కి మార్చెయ్.

ఎప్పుడైనా రెండో మానిటర్ ఆపేసి ఉన్నప్పుడు ఏదో ఫైల్ తెరిస్తే కనపడదు. టెన్షన్ పడకు, అది ఆ చీకటి తెర మీదే ఉంటుంది. ఆల్ట్ ట్యాబ్‌తో దాన్ని ఎంచుకుని విండోస్, షిఫ్ట్, బాణం కీ కలిపి నొక్కు, ఇవతలికి వచ్చేస్తుంది.

బాబాయ్