బావ మాట కాదనలేని తమ్ముడు

ప్రశ్న: మావారు సొంతంగా సినిమాలు తీస్తారు. స్క్రిప్టు ఉండదు, పర్మిషన్లు తీసుకోరు. మొన్న ఒక సీన్ రైలు వంతెన మీద తీశారు. కెమెరా పట్టుకున్నది నా తమ్ముడు. ఇంటికొచ్చాక మంచినీళ్లు తాగుతుంటే వాడి చెయ్యి ఇంకా వణుకుతోంది. అడిగితే 'బావ గొప్పగా తీస్తున్నాడక్కా' అన్నాడు. ఆయన పనిలో నేను తలదూర్చను. మామూలు సినిమాల వైపు రమ్మంటే ఆయన టాలెంట్‌ను చంపినదాన్నవుతానా?

జవాబు: అమ్మా, ఆయన టాలెంట్ సంగతి సినిమా చూసేవాళ్లు తేలుస్తారు. మామూలు సినిమాలు తీయమని పోరు పెట్టకండి. స్క్రిప్టు లేకుండా తీయడం నేరమేమీ కాదు. నాకు టెన్షన్ పెట్టింది మీ తమ్ముడి చెయ్యి.

అమెరికన్ డైరెక్టర్ రాబర్ట్ రోడ్రిగెజ్ 1992లో వచ్చిన తన తొలి సినిమాను సుమారు 7,000 డాలర్లతో తీశాడు. అందులో కొంత, మందుల ప్రయోగాలకు తన ఒళ్లు అప్పగించి సంపాదించిందే. రిస్కే, కానీ ఒళ్లు అతనిది. మీ ఇంట్లో రిస్కు ఎవరిది?

2014 ఫిబ్రవరిలో అమెరికాలోని జార్జియాలో ఒక యూనిట్, రైల్వే కంపెనీ కుదరదన్నా వినకుండా రైలు వంతెన మీద షూటింగ్ పెట్టింది. పట్టాల మీద మంచం వేశారు. రైలు వచ్చేసింది. 27 ఏళ్ల కెమెరా అసిస్టెంట్ ప్రాణం పోయింది. మరుసటి ఏడాది డైరెక్టర్ కోర్టులో నేరం ఒప్పుకుని జైలుకెళ్లాడు. ఆ అమ్మాయి మాత్రం తిరిగి రాలేదు.

బయటి కుర్రాడైతే నచ్చకపోతే మర్నాడు రావడం మానేస్తాడు. మీ తమ్ముడెలా మానేస్తాడు? బావ మాట కాదంటే ఆ కోపం అక్క మీద పడుతుందని వాడి భయం. మీ కాపురం కోసమే వాడు నోరు కట్టేసుకున్నాడు. అది మీకు తెలియదంటే నేను నమ్మను. భర్త పనిలో తలదూర్చనన్నారు, మంచిదే. తమ్ముడి ప్రాణం ఆయన పని కిందికి రాదు.

ఈ రోజే వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, 'నువ్వు వెళ్లనంటే నా కాపురానికేమీ కాదురా' అని చెప్పండి. ఆ మాట మీ నోటి నుంచే రావాలి. తర్వాత మీవారికి చెప్పండి, పర్మిషన్ లేని పట్టాల మీద, వంతెనల మీద మీ తమ్ముణ్నే కాదు, ఇంకెవర్నీ నిలబెట్టడానికి వీల్లేదని. కోప్పడితే కోప్పడనివ్వండి, రెండు రోజులు మాట్లాడకపోతే మాననివ్వండి. తమ్ముడికి కెమెరా పని నిజంగా ఇష్టమైతే జీతం మాట్లాడుకుని, ప్రమాదమనిపించిన షాట్ చేయనని ముందే చెప్పి వెళ్లమనండి, బావ దగ్గరికైనా సరే.