టెక్ సందేహాలు: ల్యాప్‌టాప్‌లో అసలుది, సర్వర్‌లో డమ్మీ!

ప్రశ్న: మా జావా అప్లికేషన్‌లో ఎస్ఎంఎస్ పంపే ప్రొవైడర్లు రెండున్నాయి. ఒకటి అసలుది, రెండోది టెస్టింగ్ కోసం రాసుకున్న డమ్మీ. సర్వీస్‌లోడర్‌లో (ప్రొవైడర్లను వెతికి తెచ్చే జావా సదుపాయం) ‘ఫైండ్‌ఫస్ట్’తో మొదటిది తీసుకుంటున్నాం. నా ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ అసలుదే వస్తుంది. సర్వర్‌లో పెట్టాక డమ్మీ లోడై, ఒక్కరికీ ఓటీపీ వెళ్లలేదు. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. ఏమై ఉంటుంది? - డెవలపర్, మాదాపూర్

జవాబు: కోడ్ మారలేదు సరే, జార్ ఫైళ్ల (జావా కోడ్ ప్యాకెట్లు) వరుస మారి ఉంటుంది. మీ స్టార్టప్ స్క్రిప్టు తెరిచి, క్లాస్‌పాత్ (జావా కోడ్ కోసం వెతికే చోట్ల జాబితా) దగ్గర ‘లిబ్/*’ అని ఉందేమో చూడండి. అక్కడ నక్షత్రం గుర్తు పెడితే ఫోల్డర్‌లోని జార్లు ఫలానా వరుసలోనే వస్తాయని జావా మాటివ్వదు. ఆ వరుస మెషీన్‌ని బట్టి మారొచ్చని, ఒకే మెషీన్‌లోనూ ఇప్పుడొకలా కాసేపటికి ఇంకోలా ఉండొచ్చని జావా డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. క్లాస్‌పాత్‌లో సర్వీస్‌లోడర్ వెతికేది ఆ వరుసలోనే. ఇన్నాళ్లూ మీకు అసలుది దొరకడం కేవలం అదృష్టం.

2017లో జావా 9తో మాడ్యూల్స్ (తనకేం కావాలో, తానేం ఇస్తుందో ముందే ప్రకటించే కోడ్ భాగాలు) వచ్చాయి కదా, ఈ గొడవ తీరిపోయిందనుకుంటారు చాలామంది. తీరలేదు. ఒకే మాడ్యూల్‌లోని ప్రొవైడర్లయితే ‘ప్రొవైడ్స్’ లైన్లో మీరు రాసిన వరుసలోనే వస్తాయి. వేర్వేరు మాడ్యూల్స్‌లో ఉంటే మాత్రం ఏది ముందో నిర్వచించనే లేదు. జార్ పేరు ముందు 00 తగిలించి పైకి లాగే చిట్కా ఒకటి ఆఫీసుల్లో తిరుగుతుంటుంది (నేనూ వాడాను, సిగ్గుపడాలి). దాన్ని నమ్ముకోకండి.

ఏ ప్రొవైడర్ కావాలో కాన్ఫిగ్ ఫైల్లో పేరు రాసి, ఆ పేరున్నదాన్నే ఎంచుకోవడం నాకు నచ్చిన పద్ధతి. అది దొరక్కపోతే అప్లికేషన్ అక్కడికక్కడే ఆగిపోవాలి తప్ప, ఉన్నదాంతో సర్దుకోకూడదు. ఓటీపీలు వెళ్లడం లేదని కస్టమర్ ఫోన్ చేసి చెప్పేదాకా తెలియకపోవడం కంటే, స్టార్టప్‌లోనే ఎర్రర్ రావడం నయం. రెండు మూడు ప్రొవైడర్లు నిజంగానే కావాలంటే ఇంటర్‌ఫేస్‌లో ప్రయారిటీ అంకె ఇచ్చే మెథడ్ పెట్టి, అన్నిటినీ లిస్టులోకి తెచ్చి మీరే సార్ట్ చేయండి. అసలు డమ్మీ ప్రొడక్షన్ బిల్డ్‌లోకి ఎలా వచ్చిందో కూడా చూడండి, దాని చోటు టెస్ట్ ఫోల్డర్‌లో.

ప్రశ్న: మా లాగిన్ ప్రొవైడర్ లోడయ్యేసరికి డేటాబేస్ ప్రొవైడర్ ఇంకా రెడీగా ఉండటం లేదు. ఒక్కోసారి బాగానే నడుస్తుంది, ఒక్కోసారి నల్ పాయింటర్! వరుస ఎలా బిగించాలి? - డాలస్ నుంచి ఓ పాఠకురాలు

జవాబు: లాగిన్ ప్రొవైడర్ కన్‌స్ట్రక్టర్‌లోనే (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్) డేటాబేస్‌ని వాడుతున్నారని నా అనుమానం. సర్వీస్‌లోడర్ ప్రొవైడర్లన్నిటినీ ఒకేసారి తయారు చేయదు, లూప్‌లో దాని వంతు వచ్చినప్పుడే ఒక్కోదాన్ని సృష్టిస్తుంది. అందుకని కన్‌స్ట్రక్టర్‌ని ఖాళీగా వదిలేసి, పనంతా ‘స్టార్ట్’ అనే వేరే మెథడ్‌లోకి మార్చండి. ముందు అందరినీ పోగు చేసుకోండి, ఎవరికి ఎవరు కావాలో చూసి వరుస పెట్టండి, ఆ తర్వాతే స్టార్ట్ పిలవండి. ఆపేటప్పుడు అదే వరుస వెనక్కి.

ఇంకొకటి. ప్రొవైడర్ సృష్టించడంలో తేడా వస్తే పడేది సర్వీస్‌కాన్ఫిగరేషన్‌ఎర్రర్. అది ఎక్సెప్షన్ కాదు, ఎర్రర్ (జావాలో రెండూ వేర్వేరు రకాలు). మీ ‘క్యాచ్ ఎక్సెప్షన్’ దాన్ని పట్టుకోదు.

ప్రశ్న: ఐడీఈలో (కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్) బాగా నడిచిన మాడ్యులర్ యాప్, జేలింక్‌తో (యాప్‌ని, దానికి కావాల్సిన జావా భాగాల్ని కలిపి కట్టే టూల్) ప్యాక్ చేశాక ఒక్క ప్లగిన్ కూడా చూపించడం లేదు. ఎర్రర్ కూడా లేదు. - విశాఖపట్నం

జవాబు: మామూలుగా నడిపినప్పుడు ‘యూజెస్’ (ఏ సర్వీసు వాడతామో చెప్పే లైన్) చూసి ప్రొవైడర్ మాడ్యూల్స్‌ని జావానే కలుపుకుంటుంది. జేలింక్ ‘రిక్వైర్స్’ (ఏ మాడ్యూల్ తప్పనిసరో చెప్పే లైన్) వెంట మాత్రమే వెళ్తుంది. ‘--బైండ్-సర్వీసెస్’ ఇస్తే అన్నీ వస్తాయి కానీ, జావా సొంత ప్రొవైడర్లు కూడా వచ్చి చేరి సైజు పెరుగుతుంది. కావాల్సిన ప్లగిన్ మాడ్యూల్స్ పేర్లు ‘--యాడ్-మాడ్యూల్స్’లో ఇవ్వడమే మేలు. ‘యూజెస్’ రాయడం మర్చిపోతే జావా గట్టిగానే అరుస్తుంది, మీకు ఎర్రర్ రాలేదంటే లోపం అక్కడ లేదు.

క్లాస్‌పాత్ వాడేవాళ్లకీ ఇలా నిశ్శబ్దంగా ఖాళీ లిస్టు రావొచ్చు. ఒకసారి నాకు రాత్రి రెండింటిదాకా ఇదే టెన్షన్. తీరా చూస్తే, మెటా-ఇన్ఫ్ కింద సర్వీసెస్ ఫోల్డర్‌లో నేను పెట్టిన ఫైల్ పేరు చివర ఎడిటర్ ‘.టీఎక్స్‌టీ’ తగిలించింది. ఆ ఫైల్‌కి ఇంటర్‌ఫేస్ పూర్తి పేరే ఉండాలి, ఎక్స్‌టెన్షన్ ఉండకూడదు.